నీళ్ళు దిగే వేళ

మా ఊరు చూడ్డానికి సముద్రం దాటి ఈ దీవులకు వచ్చే చుట్టాలను ఏ రోజు ఎటు తీసుకెళ్ళాలో మా ఇంట్లో నేనే నిర్ణయిస్తాను. మా ఆయనకు వ్యాను ఉంది, దారులన్నీ తెలుసు. ఏ వేళకు ఎక్కడ ఉంటే ఏది కనిపిస్తుందో మాత్రం నన్నే అడుగుతాడు. డిగ్లీపూర్ అవతల రెండు దీవుల మధ్య ఇసుక దారి నీళ్ళు తగ్గినప్పుడే పైకి తేలుతుంది. ఆ వేళకు చేరకపోతే అంత దూరం వెళ్ళి ఉత్త సముద్రాన్ని చూసి రావాలి. బారాటాంగ్ మడ అడవుల్లోకి పడవ నీళ్ళు ఉన్నప్పుడే వెళుతుంది. చిడియాటాపు దగ్గర రాళ్ళ మీద నడవాలంటే నీళ్ళు దిగాలి. ఇక్కడ రోడ్డు ప్రయాణం కూడా సముద్రం చెప్పినట్టే జరగాలి.

ఆ లెక్క నాకు నాన్న నేర్పాడు. నేను బడికి వెళ్ళలేదు. చౌల్దారీ వైపు మా పొలం దగ్గర నుంచి బడికి అడవి దారిన పోవాలి, ఆడపిల్లను పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ బియ్యప్పిండిలో అక్షరాలు దిద్దించింది. నాన్న పంచాంగం చదివించాడు. ఏటా ఉగాది ముందు ఓడలో ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చే ఆ పంచాంగమే నా మొదటి వాచకం. పున్నమికీ అమావాస్యకూ పొద్దున పదింటి వేళకు నీళ్ళు నిండుగా ఉంటాయి, సాయంత్రం నాలుగింటి వేళకు బాగా దిగిపోతాయి. అక్కడి నుంచి తిథికి రెండు ఘడియల చొప్పున ఆలస్యంగా జరుపుకుంటూ పోతే అష్టమి నాటికి లెక్క తిరగబడుతుంది. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టుకుని తిథి చూసుకుంటే, ఆ రోజు దేవుడి సంగతీ సముద్రం సంగతీ ఒకేసారి తెలిసిపోతాయి. ఈ పాటి చదువు చెప్పించినందుకు అమ్మానాన్నలకు రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

సునామీ మాత్రం ఈ లెక్కలో లేని విధంగా వచ్చింది. మా పొలం మీదకు గోడలా ఏమీ రాలేదు. ముందు భూమి ఊగింది. తరువాత వాగులో నీళ్ళు వెనక్కి పొంగి, గట్టు దాటి, వరి కోసిన మళ్ళలోకి వచ్చాయి. నాన్న పశువుల తాళ్ళు విప్పేసి, ఇంటి చూరు కింద దూలం పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి అమ్మ పోయి చాలా కాలమైంది, ఆ ఇంట్లో ఆయన ఒక్కడే ఉండేవాడు. మా ఆయన మేముండే మిన్నీ బే నుంచి వ్యాను పోయినంత దూరం పోనిచ్చి, తరువాత గొంతు లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, నాన్నను వీపున ఎక్కించుకుని తెచ్చాడు. ఆ మాట మరిచిపోతే నేను మనిషిని కాను. అందుకే తరువాత జరిగిన దానికి ఆయన మీద కోపం తెచ్చుకోవడం నాకు అంత కష్టమైంది.

వచ్చిన నీళ్ళు ఇక పోలేదు. దక్షిణాన భూమి కుంగిందనీ, ఉత్తరాన లేచిందనీ తరువాత చెప్పారు. డిగ్లీపూర్ వైపు పగడపు దిబ్బలు బయటపడి ఎండిపోతుంటే, మా వరిమళ్ళలో చేపలు తిరిగాయి. కొబ్బరిచెట్లు నిలబడ్డ చోటే చచ్చిపోయి మోడులుగా మిగిలాయి. ఇల్లు కూలలేదు. రెండు సిమెంటు మెట్లు, వరండా, పైకప్పు పోయి దూలం మాత్రం మిగిలిన గోడలు, ముందు వాకిట్లో అమ్మ కట్టించుకున్న తులసికోట. పోటు వేళ వరండా దాకా నీళ్ళు, పాటు వేళ మెట్లు బయటికి వస్తాయి. ఇదంతా రోడ్డు మీద నుంచి కనిపిస్తుంది. నాన్న మా దగ్గరికి వచ్చేశాక మళ్ళీ ఆ దారిన వెళ్ళలేదు. వెళదామా అని ఎవరూ అడగలేదు కూడా. ప్రాణం దక్కింది, అదే చాలని దేవుడికి చెప్పుకున్నాను.

కొన్నాళ్ళు ఎవరూ ఊరు చూడ్డానికి రాలేదు. తరువాత వచ్చారు. ఈసారి వచ్చినవాళ్ళు వేరే రకం ప్రశ్నలు మోసుకొచ్చారు. నేను కూర్చుని మూడు రోజుల ప్రయాణం అల్లుతాను. తెల్లవారుజామున బయలుదేరి అడవి మొదట్లో జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాల వరుసలో నిలబడాలి, రంగత్‌లో భోజనం, మాయాబందర్‌లో రాత్రి, మర్నాడు డిగ్లీపూర్, శాడిల్ పీక్ కొండ కింద రిజర్వు పార్కులో నడక, కాలీపూర్ ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. పులిహోర ఏ ఊళ్ళో విప్పాలో, పెద్దవాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి ఎక్కడ నీడ ఉంటుందో కూడా చెబుతాను. అంతా విని వాళ్ళు ముందు అడిగేది ఒకటి. దారిలో అడవిలో ఉండే జరావా తెగవాళ్ళు కనిపిస్తారా అని.

కనిపిస్తే ఏం చేస్తారండీ అని నేను అడిగేదాన్ని. బిస్కట్లు ఇస్తామనేవారు, ఫోటో తీసుకుంటామనేవారు. ఆపకూడదు, అద్దం దించకూడదు, ఫోటో తీయకూడదు, అది వాళ్ళ ఇల్లు అని చెబితే ముఖాలు మాడ్చుకునేవారు. ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా అనేవారు. మీ ఇంటి ముందు కారాపి, మీ వంటింట్లోకి నేను తొంగిచూస్తే ఎలా ఉంటుందండీ అని అనాలనిపించేది. అతిథులు కదా, అనలేదు. ఆ వంతు నా ఇంటికే వస్తుందని అప్పుడు తెలియదు.

రెండో ప్రశ్న సునామీ చోట్లు చూపిస్తారా అని. లేవు అని చెప్పేదాన్ని. ఉన్నవన్నీ ఎవరో ఒకరి ఇళ్ళు, పొలాలు అని చెప్పేదాన్ని. అక్కడితో ఆ మాట ముగిసిపోతుందనుకునేదాన్ని.

ఆ ఏడు చలికాలంలో మా ఆడపడుచు వియ్యాలవారు విశాఖపట్నం నుంచి వచ్చారు. భార్యాభర్తలిద్దరే. వియ్యాలవారంటే మాట తూలకూడని చుట్టరికం. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి మా ఆడపడుచు కూతురి కాపురం దాకా పోతుంది. ఆవిడ నన్ను వదినగారూ అనేది. మంచి మనిషి, భక్తిపరురాలు, మాట మాత్రం ఆగదు. ఆయన మెళ్ళో ఎప్పుడూ కెమెరా వేలాడుతుంటుంది.

వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రయాణాల మాట తీశాను. ఆవిడ చేతిసంచీలోంచి ఒక ఫోటో తీసి నా ముందు పెట్టింది.

"ముందు ఇక్కడికి తీసుకెళ్ళాలి వదినగారూ. పోయినేడు మా వీధిలో వాళ్ళు వచ్చారు, ఈ ఫోటో పట్టుకుని అందరికీ చూపించారు. నీళ్ళలో ఇల్లు. మీ అన్నయ్యగారైతే ఇది తీయకుండా వెనక్కి రానంటున్నారు."

ఫోటోలో ఎవరో ఒక పెద్దమనిషి నల్లద్దాలు పెట్టుకుని తులసికోట మీద కూర్చున్నాడు. చెప్పుల కాళ్ళు కోట గట్టు మీద పెట్టాడు. కోటకు తూర్పున దీపం గూడు, ఆ గూడు పై అంచు విరిగి ఉంది. ఆ అంచు విరిగింది నా చిన్నప్పుడు, రోకలి తగిలి. ఒక పక్కగా రోడ్డు మీద మా వ్యాను. ముందు అద్దం మీద నేను అంటించిన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు కూడా కనిపిస్తోంది.

నేను ఫోటో తిరిగి ఇచ్చేశాను. నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆయనకు వినపడిందో లేదో తెలియలేదు. వాళ్ళు కాసేపు పడుకున్నాక పెరట్లోకి వెళ్ళాను. మా ఆయన బకెట్టు పెట్టుకుని వ్యాను కడుగుతున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఆపుతున్నావు అక్కడ?"

ఆయన గుడ్డ పిండుతూ నా ముఖం చూశాడు. ఎక్కడ అని అడగలేదు.

"అరే, సునో తో సహీ, ముందు ఇను. రోడ్డు మీద నుంచి కనిపిస్తాది. ఆళ్ళే భయ్యా ఆపు, భయ్యా ఆపు అంటారు. నేను ఆపకపోతే ఎనకాల వొచ్చే బండి ఆపుతాది."

"ఆ బండి వాడు మా నాన్న అల్లుడా?"

"మీ నాన్న ఇల్లని నేనెవరికీ చెప్పలేదే. ఒట్టు."

"చెప్పి ఉంటే ఒక్కడైనా సిగ్గుపడేవాడు. చెప్పకుండా చూపించావు, అందుకే కోట మీద కూర్చున్నారు."

ఆయన గుడ్డ మళ్ళీ బకెట్లో ముంచాడు. అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చి ఒళ్ళు భగ్గుమంది. ప్రతి ప్రయాణం ముందూ ఈయన నన్ను అడిగే మాట ఒకటుంది. ఏమే, ఆ రోజు తిరుగు దారిలో నీళ్ళు ఎప్పుడు దిగుతాయి అని. పోటు వేళ మా వాగు దగ్గర రోడ్డు మీదకు నీళ్ళొస్తాయి కాబట్టి, బండి తడవకూడదని అడుగుతున్నాడనుకునేదాన్ని. పంచాంగం తీసి, ఘడియలు లెక్క కట్టి, ఈ వేళకు వస్తే దారి పొడిగా ఉంటుందని చెప్పేదాన్ని. మెట్లు బయటపడే వేళ కోసం అడిగాడన్నమాట. అమ్మ తులసికోట అడుగుదాకా కనిపించే వేళను, నాన్న నేర్పిన లెక్కతో, నా నోటితోనే చెప్పించుకున్నాడు.

"నీళ్ళ వేళ నన్నడిగి చెప్పించుకున్నావు చూడు," అన్నాను, "అది మాత్రం దేవుడు క్షమిస్తాడేమో, నేను కాదు."

"దానికేటే అంత మాట. మెట్లు కనపడకపోతే మనుషులు దిగి జారిపడతారనీ..."

ఆయన అది నిజంగానే నమ్ముతున్నట్టు అన్నాడు. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు చూపిస్తే అతిథులకు క్షేమం. అక్కడ మొసళ్ళు తిరుగుతాయని బోర్డు కూడా పెట్టారు. ఆ బోర్డు పక్కన కూడా నిలబడి ఫోటోలు తీసుకుంటారట. ఇదంతా ఆయన నాకు క్షేమం లెక్కలో చెప్పాడు. నాన్నను వీపున మోసుకొచ్చిన ఆ మనిషే ఇలా చెబుతుంటే, ఏ వైపు తిరిగి తిట్టాలో నాకు తోచలేదు. ఈసారి ఆపనని మాట ఇచ్చాడు. వియ్యపురాలు అడిగితే ఈయన నోరు లేవదని నాకు తెలుసు. కాబట్టి ఆ మాటను నమ్ముకోకుండా నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను.

వాళ్ళను పడమటి ఒడ్డున సముద్రపు పార్కుకు తీసుకెళ్ళాలి. ఆ దారి మా పొలం పక్క నుంచే పోతుంది. పెద్దాయనను కూడా తీసుకురండి, సునామీ రోజు సంగతులు ఆయన నోట వింటామని ఆవిడ అప్పటికే పట్టుబట్టింది. నాన్న రానంటాడనుకున్నాను.

"ఎల్దాం," అన్నాడు నాన్న. అంతే.

రెండు రోజులు ఆగితే పున్నమి. పున్నమి నాడు పొద్దున తొమ్మిదింటికి బయలుదేరితే పదింటికి ముందూ వెనకా అక్కడ ఉంటాం. నీళ్ళు వరండా దాకా ఉంటాయి, రోడ్డు అంచు కూడా తడుస్తుంది. బండి ఆపడానికి చోటుండదు, దిగడానికి నేలుండదు, కోట సగం మునిగి ఉంటుంది. ఏదో పాత గోడ అనుకుని వెళ్ళిపోతారు. పగలంతా ఒడ్డున గడిపి, సూర్యాస్తమయం చూసి తిరిగొస్తే ఇంత తూర్పున ఉన్న మాకు చలికాలం ఐదింటికే చీకటి పడుతుంది కాబట్టి, వెన్నెలున్నా వెనక్కి వచ్చేటప్పుడు ఫోటో తీసేంత వెలుతురు ఉండదు. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ ప్రయాణమూ అల్లలేదు. ఈ ఒక్క దారి దాటించు తండ్రీ అని స్వామికి మొక్కుకున్నాను కూడా.

పున్నమి నాడు పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలకు మూతలు పెడుతుంటే, ఆవిడ తలంటుకుని పట్టుచీర కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"వదినగారూ, ఇవాళ పున్నమి కదండీ."

"అవునండీ."

"పరాయి చోటికొచ్చి పున్నమి వట్టినే పోగొట్టుకోవడం ఎందుకు. సత్యనారాయణ వ్రతం చేసుకుందాం. మీరిద్దరూ పీటల మీద కూర్చోండి, కథ నేను చదువుతాను. పుస్తకం తెచ్చుకున్నాను. ఎర్రనూక కూడా తెచ్చాను, మీకు ఇక్కడ దొరుకుతుందో లేదోనని."

చేతిలో మూత అలాగే ఉండిపోయింది. నీళ్ళకు పున్నమి అని చూసుకున్నాను గాని, ఇంటికి వచ్చిన భక్తురాలికి కూడా పున్నమే అని నాకు తట్టలేదు. రోజూ దేవుణ్ణి తలిచే నోటితో వ్రతం వద్దని ఎలా అంటాను. పార్కు మూసేస్తారేమోనండీ అన్నాను. దేవుడి పని ముందండీ అంది ఆవిడ. నిజమే కదా. ప్రతి ఇంట్లో నేను చెప్పే మాటే అది.

కథ ఐదు అధ్యాయాలూ ఆవిడ రాగం తీసి చదివింది. మధ్యలో ఆపి తన ఇరుగుపొరుగు ఇళ్ళలో జరిగిన మహిమలు కూడా చెప్పింది. నేను పీట మీద కూర్చుని చేతులు జోడించుకుని మనసులో నీళ్ళను లెక్కపెడుతున్నాను. ఇప్పుడు నిండుగా ఉంటాయి, ఇప్పుడు మొదటి మెట్టు తేలి ఉంటుంది. ప్రసాదం, ఆరగింపు, భోజనాలు, ఆవిడ కాస్త నడుం వాల్చడం. కనీసం సూర్యాస్తమయమైనా చూద్దామని బయలుదేరేసరికి మూడు దాటింది.

దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. నాన్న ముందు సీటులో కూర్చున్నాడు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు. వ్యాను వాగు మలుపు తిరిగింది. నీళ్ళు పూర్తిగా దిగి ఉన్నాయి. ఎండ పడమర నుంచి ఏటవాలుగా పడి గోడలు, మెట్లు, కోట, నల్లబారిన కొబ్బరి మోడులు అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఫోటోకు అంతకంటే మంచి వేళ ఏడాదిలో ఉండదు. మా ఆయన ముందుకే చూస్తూ బండి వేగం పెంచాడు.

"ఇదే. ఇదేనండీ. ఆపండి, ఆపండి," అని వెనక నుంచి వియ్యంకుడుగారు.

"బావగారూ, ఇక్కడ మొసళ్ళుంటాయి. ఆపకూడదు, మనా హై," అన్నాడు మా ఆయన.

"మా వీధి వాళ్ళకు లేని మొసళ్ళు మాకొచ్చాయా అన్నయ్యగారూ," అంది ఆవిడ.

నాన్న తల తిప్పకుండానే అన్నాడు. "ఆపు నాయనా. అడుగుతున్నారు గదా."

బండి ఆగింది. వియ్యంకుడుగారు కెమెరా తీసుకుని గట్టు దిగారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనకాల. చీలమండ దాకా నీళ్ళు, కింద బురద. నేను గట్టు దిగలేదు. తలుపు పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాను. నాన్న పంచె పైకి మడిచి కట్టుకుని, మా ఆయన ఇవ్వబోయిన చెయ్యి పట్టుకోకుండా, వాళ్ళను దాటి ముందుకు నడిచాడు. ఎక్కడ గట్టి నేల ఉందో కాళ్ళకు తెలిసినట్టు, చూసుకోకుండానే నడిచాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, తీసి వరండా మీద పెట్టి, మెట్లెక్కి ఇటు తిరిగాడు.

"రండి, రండి. సెప్పులు అక్కడే ఇడిచీండి. ఇల్లు గదా."

ఆవిడ నవ్వింది. వేళాకోళం అనుకుంది.

"చెప్పులు విడిస్తే బురదండీ పెద్దాయనా. ఎవరిదండీ ఈ ఇల్లు?"

"మాదే తల్లీ."

వియ్యంకుడుగారు ఒక కాలు కోట గట్టు మీద పెట్టి కెమెరా సర్దుకుంటున్నారు. ఆ కాలు నెమ్మదిగా కిందికి దిగింది. ఆవిడ నా వైపు తిరిగి చూసింది. నేను తల తిప్పుకోలేదు. చూడనీ అనుకున్నాను.

వాళ్ళు చెప్పులు విడిచారు. వియ్యంకుడుగారి చెప్పు ఒకటి నీళ్ళలో తేలి వాగు వైపు పోతుంటే, మా ఆయన పరుగెత్తి పట్టుకున్నాడు. నాన్న ఆ వరండా మీద నిలబడి ఇంటికొచ్చిన వాళ్ళతో మాట్లాడే పద్ధతిలోనే మాట్లాడుతున్నాడు.

"కూకోమందారంటే కుర్సీ లేదు. కాళ్ళు కడుక్కోడానికి మాత్రం నీళ్ళకి కరువు లేదు మా ఇంట్ల. ఇదిగో, ఇది మా ఆడది వొండిన గది. ఇది ఈ పిల్ల అచ్చరాలు దిద్దిన చోటు. ఆ రోజు ఈ దూలం పట్టుకున్నాను. మా అల్లుడు, ఆ డ్రైవరు, అదిగో ఆ మలుపు కాడ నుంచి నడిసొచ్చాడు."

మా ఆయన చెప్పు చేత్తో పట్టుకుని నీళ్ళలో తలవంచుకుని నిలబడ్డాడు. ఆవిడ కోట దగ్గరికి వెళ్ళింది. సంచీలోంచి వ్రతం ప్రసాదం తీసి గూటిలో పెట్టబోయి, గూడంతా నాచు పట్టి ఉండటం చూసి, పట్టుచీర కొంగుతో తుడిచింది. విరిగిన అంచు దగ్గర కూడా వేలు పెట్టి తుడిచింది. ఆ గూడు తుడవాల్సినదాన్ని నేను. రోడ్డు మీద నిలబడి చూస్తున్నాను. ఆవిడ అంత శ్రద్ధగా తుడిచినందుకు కూడా నాకు కోపమే వచ్చింది. తెలియనప్పుడు కాళ్ళు పెట్టారు, తెలిశాక కొంగు పెట్టారు. ఈ మధ్యలో తెలుసుకోవాలని ఒక్కరికీ అనిపించలేదే. నీళ్ళలో నిలబడ్డ ఇల్లు చూస్తే, లోపల ఎవరుండేవాళ్ళు, ఉన్నారా పోయారా అని అడగాలని ఎందుకు తోచదు. చూడదగ్గ చోటని ఎవరో ఒకరు చెబితే చాలు, అడగాల్సినవన్నీ ఎలా మరిచిపోతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పుడు వియ్యంకుడుగారు గొంతు సవరించుకున్నారు.

"పెద్దాయనా, మీకు అభ్యంతరం లేకపోతే... కోట పక్కన మీరు ఒక్కరు నిలబడండి. ఒకటే తీస్తాను."

"వద్దండి," అన్నాను. రోడ్డు మీద నుంచి అంత గట్టిగా వచ్చిన గొంతు నాదేనా అనిపించింది. వియ్యాలవారితో అలా మాట్లాడినదాన్ని మా వంశంలో నేనే మొదటిదాన్నేమో. "ఇక చాలండి. తీసినవి చాలు. దిగి రా నాన్నా."

నాన్న నా వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అదే నాకు భరించరానిదిగా ఉంది.

"తియ్యనీ అమ్మా," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇంటోడు లేకండానే తీసినారు. ఈ ఒక్కటి ఇంటోడితో తియ్యనీ."

ఆయనకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర ఓడ టికెట్ల వరుసలో నిలబడ్డప్పుడు ఎవరో అన్నారట, మీ అల్లుడు మీ ఇంటిని బాగా చూపిస్తాడు తాతా అని. అల్లుడిని అడగలేదు, నాకు చెప్పలేదు. ఇంట్లో తగువెందుకని మింగేశాడు. ఆ దారిన వెళ్ళకపోవడానికి కారణం సముద్రం కాదు. తన ఇంటి ముందు మనుషులు దిగడం కళ్ళారా చూడవలసి వస్తుందేమోనని. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ క్షణాన తెలిసింది ఒక్కటే, నేను నీళ్ళతోనూ చీకటితోనూ కప్పిపెట్టాలని చూసింది ఆయనకు ముందే తెలుసని.

తువ్వాలు భుజం మీద సరిచేసుకుని, చేతులు రెండూ పక్కలకు పెట్టుకుని, గుర్తింపు కార్డు ఫోటోకు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు నాన్న. కోట మీద చెయ్యి వెయ్యలేదు. వియ్యంకుడుగారు ఒకే ఒకటి తీసి కెమెరా మూతపెట్టేశారు. తరువాత సూర్యాస్తమయానికి ఎవరూ వెళదామనలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాం. దారిలో మాట్లాడింది నాన్న ఒక్కడే. వియ్యంకుడుగారిని ఉద్యోగం గురించీ, విశాఖపట్నంలో చేపల ధరల గురించీ అడిగాడు.

మర్నాడు వాళ్ళను ఉత్తరానికి పంపాను. ఆవిడ వెళుతూ నా చేతులు పట్టుకుని, తెలియక అడిగామండీ వదినగారూ అంది. పర్వాలేదండీ అన్నాను. పర్వాలేదని నేను అనుకోవడం లేదు, అయినా మర్యాదకు అదే మాట ఉంది మనకు. డిగ్లీపూర్‌లో ఇసుక దారి తేలే వేళ మాత్రం సరిగ్గా లెక్కకట్టి చెప్పాను. చూడాల్సినవాటిని వాళ్ళు బాగానే చూడాలి కదా.

మా ఆయన ఇప్పుడు అక్కడ ఎవరికోసమూ ఆపడు. అడిగితే, అది మా మామగారి ఇల్లు, ఆయన ఇంట్లో ఉన్న రోజున రండి అంటాడట. కొందరు నొచ్చుకుంటారట. వెనక వచ్చే బళ్ళు ఇంకా ఆపుతూనే ఉన్నాయి. ఆ బళ్ళవాళ్ళను తలుచుకుంటే దీపం ముందు కూర్చున్నప్పుడు కూడా నా మనసు కుదురుగా ఉండదు. దేవుడు నాకు నాన్నను మిగిల్చాడు, నాన్నను మోసుకొచ్చిన మనిషిని ఇచ్చాడు. అందుకు రోజూ దణ్ణం పెడతాను. దణ్ణం పెట్టి లేచాక మళ్ళీ ఆ చెప్పుల కాళ్ళు గుర్తొస్తాయి.

వియ్యాలవారు వెళ్ళిన తరువాత, తెల్లవారితే ఆదివారం అనగా ఒక సాయంత్రం, నేను పూలు కడుతుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో కొబ్బరిపీచు, ఒక చీపురు, సంచీలో చుట్టిన తులసి మొక్క.

"ఏటమ్మా, రేపు మనింటి కాడ నీళ్ళెప్పుడు దిగుతాయి?"

"ఎందుకు నాన్నా?"

"ఎవులైనా వొస్తే ఇంట్ల మనిసుండాలి గదా."

ఉప్పునీళ్ళలో తులసి బతకదని నాకు తెలుసు, నాన్నకూ తెలుసు. పూలబుట్ట పక్కన పెట్టి పంచాంగం తీశాను. తిథి చూసి, ఘడియలు జరుపుకుంటూ పోయి, ఎన్ని గంటలకు వెళితే మెట్లు పొడిగా ఉంటాయో చెప్పాను. కోపంగానే చెప్పాను. లెక్క మాత్రం రెండుసార్లు సరిచూసుకున్నాను.